నోటితో చేసిన హత్య

మొన్న అరకు సంత పక్కన హోటల్లో అడ్డాకు విస్తరిలో వేడి అన్నం వడ్డించగానే ఆ పచ్చి ఆకు ఆవిరి ముఖానికి కొట్టింది. మా సుభద్ర మేడమ్ గుర్తొచ్చారు. మనుషులతో మాట్లాడడం నాకు నేర్పింది ఆవిడే.

తొంభైల చివర్లో ఆవిడ నెలకోసారి కొండమీది వైద్య క్యాంపుకు వచ్చే సైకాలజిస్టు. నేను అప్పుడే ఎమ్మే పాసై చేరిన అసిస్టెంటుని. పిల్లకాకికేం తెలుసు ఉండేలు దెబ్బ? నాకు తెలియనిది లేదనుకునేదాన్ని. ఒకరోజు ఎస్సై సోమన్న అనే కొండరైతును తీసుకొచ్చాడు. పొరుగువాడిని గొడ్డలితో నరికాడని కేసు. మతి స్థిమితంగానే ఉండి నేరం ఒప్పుకున్నాడని మేం రాసిస్తే చాలట. చనిపోయినవాడి తమ్ముడు సాక్షిగా వచ్చి వరండాలో కూర్చున్నాడు. గంటసేపు ఎలా అడిగినా సోమన్నది ఒకటే మాట: "నానే సంపీసినానమ్మా." కళ్ళలో అబద్ధం లేదు. అది కనిపెట్టినందుకు నా మీద నాకే ముచ్చటేసింది. ఒప్పుకోలు నమ్మదగినదని రాసి మేడమ్ ముందు పెట్టాను.

ఆవిడ చదివి, "ముందు అతనికి అన్నం పెట్టించు" అన్నారు. అడ్డాకులో పెట్టిన అన్నం సోమన్న తల వంచుకుని తిన్నాడు. చెయ్యి కడుక్కుని వచ్చాక, నాకు అడగాలని తోచని ప్రశ్న ఆవిడ అడిగారు.

"దేంతో చంపావు బాబూ?"

"నోటితోటమ్మా. నా సోడి సేలో మేకలు దించీసినాడని, కోపంలో సచ్చిపో అన్నాను. తెల్లారీసరికి సచ్చిపోనాడు."

"మరి గొడ్డలి?"

"గొడ్డలి సంగతి నాకేటి తెలుసు?"

"నీ మాటే చంపిందని ఎవరు చెప్పారు?"

"ఆడి తమ్ముడే సెప్పినాడు. ఒప్పీసుకో, పాపం పోద్దన్నాడు."

ఎస్సై లేచి వరండాలోకి వెళ్ళాడు. భూమి కోసం అన్నను నరికింది ఆ తమ్ముడేనని రెండు రోజుల్లో తేలింది. నా రాతతో ఒక అమాయకుడి బతుకు తెల్లారిపోయేది. సిగ్గుతో ఆ కాగితం చింపబోతే మేడమ్ చెయ్యి పట్టుకున్నారు. "దాచుకో. మళ్ళీ తెలివైనదాన్నని అనిపించినప్పుడు చదువుకో" అన్నారు.

సోమన్న ఇంటికైతే వెళ్ళాడు గాని నోరు విప్పడం మానేశాడు. నరికింది తమ్ముడే అయినా చంపించింది తన మాటేనని నమ్మకం, ఆ నోరు ఇంకెవరిని పొట్టన పెట్టుకుంటుందోనని భయం. తిండి కూడా తగ్గిపోయిందని మరుసటి క్యాంపులో కూతురు లచ్చిమి వచ్చి ఏడ్చింది. "ఇలగైతే మా నాయిన బతకడమ్మా" అంది.

ఆ సాయంత్రమే వాళ్ళ ఊరు వెళ్ళాం. మేడమ్ అతని ఎదుట నేలమీద కూర్చుని, "నన్ను చచ్చిపొమ్మను సోమన్నా" అన్నారు. అతను చెవులు మూసుకున్నాడు. ఆవిడ కదల్లేదు. చివరికి ఆ మాట అన్నాడు. అంత చదువుకున్న నాకూ ఒళ్ళు జలదరించింది. ఆవిడ మాత్రం పక్కింట్లో చాప అడిగి పడుకున్నారు.

తెల్లారి నేను ఆ ఇంటి తలుపు తీస్తే గుమ్మం ముందు సోమన్న కూలబడి ఉన్నాడు. మేడమ్ జుట్టు ముడేసుకుంటూ బయటికొచ్చారు.

"ఆకలేస్తోంది బాబూ. అంబలుందా?"

అతను ఆవిడ పాదాలు తడిమి చూశాడు. నెలరోజుల తర్వాత గొంతెత్తి అరిచాడు: "ఓలే లచ్చిమీ! బేగి అంబలట్టుకురాయే!"

మేడమ్ ఇప్పుడు లేరు. ప్రశ్న అడగడం ఆవిడ దగ్గర ఒక్క పూటలో నేర్చుకున్నాను. అడిగాక ఆ మనిషి కోసం తెల్లారేదాకా ఉండడం ఇంకా నేర్చుకుంటూనే ఉన్నాను.