ఆయ్ నేర్పిన మాస్టారు

మా లెక్కల మాస్టారు పోయారు. సోమవారం పొద్దున్న ఆయన భార్య ఫోన్ చేసి, "మీ మాస్టారు లేవట్లేదురా, ఎంత పిలిచినా పలకట్లేదు" అన్నారు. నాకు అర్థం కాలేదు. ముందురోజు సాయంత్రమే నాతో మాట్లాడిన మనిషి. నేను అమలాపురంలో కళ్లజోళ్ల షాపులో పనిచేస్తాను. "నా కళ్లజోడు వచ్చిందా? రేపు పట్టుకొస్తావేంటి?" అని అడిగారు. "ఆయ్" అన్నాను. అది ఇంకా నా సొరుగులోనే ఉంది. ఇది రాస్తుంటే కూడా ఆయన లేరన్న మాట నమ్మబుద్ధి కావడం లేదు.

ఆయ్ అనడం నాకు నేర్పింది ఆయనే. మా వైపు పెద్దవాళ్లు మాట్లాడుతుంటే మధ్యమధ్య ఆయ్ అనాలి. వింటున్నామండీ అని దానర్థం. క్లాసులో ఎవడైనా ఊఁ అంటే మాస్టారు చాక్‌పీసు ముక్క విసిరేవారు. "ఊఁ ఏంట్రా, గేదెలాగ? ఆయ్ అనలేవూ?" గురి మాత్రం ఎప్పుడూ తప్పేది. పాపం వెనకబెంచీవాడికి తగిలేది.

పదహారేళ్లప్పుడు ఆ మాటే నన్ను జైల్లో పడేసింది. తెలిసిన కుర్రాడు ఎక్కమంటే బండి వెనక ఎక్కాను. అది దొంగబండి. పోలీస్ స్టేషన్లో రాసుకుంటున్నాయన మా ప్రాంతం మనిషి కాదు. నేను అప్పటికే పొడుగు, మీసం కూడా మొలిచింది. "పంతొమ్మిదేళ్లుంటాయా?" అన్నాడు తలెత్తకుండా. "ఆయ్" అన్నాను. ఇంకా ఏదో అడుగుతాడనుకున్నాను. పంతొమ్మిది అని రాసేసుకున్నాడు. తర్వాత కోర్టులో ఆ కాగితం చదివి వినిపిస్తే అక్కడా ఆయ్ అన్నాను. పిల్లల హోముకు వెళ్లాల్సినవాణ్ణి పెద్దవాళ్ల జైలుకు వెళ్లాను.

అక్కడ పదకొండు రోజులున్నాను. పక్క చాపాయన తాను ఎవర్ని ఎలా చంపాడో మొదటిరోజే చెప్పాడు, అన్నం కలుపుకుంటూ. కాళ్లు పట్టమంటే పట్టాను. బట్టలుతకమంటే ఉతికాను. గోడకు వీపు ఆనించి పడుకునేవాణ్ణి. ఎందుకని అడక్కండి. ఏడవడానికి కూడా భయమేసేది.

మా అమ్మ వెళ్లి మాస్టారి గుమ్మంలో కూలబడిందట. ఆయన హెడ్‌మాస్టారిని బతిమాలి, నా పుట్టినతేదీ ఉన్న స్కూలు అడ్మిషన్ రిజిస్టరు తువ్వాల్లో చుట్టుకుని, బస్సెక్కి కోర్టుకు వచ్చారు. "మా పిల్లలు ఆయ్ అంటే అవునని కాదండి. చిత్తం, వింటున్నాం అని. అది మర్యాదండి, ఒప్పుకోలు కాదండి" అన్నారు. మూడు గదుల అవతలికి వినిపించే గొంతు ఆవేళ వణికింది. జడ్జిగారు నన్ను హోముకు మార్చమన్నారు. బయట వరండాలో మాస్టారు నా భుజం మీద చెయ్యి వేసి, "నేర్పింది నేనేరా" అన్నారు.

హోములోనూ తాళాలే. కాకపోతే చుట్టూ నా ఈడు పిల్లలు. మొదటిరోజు కంచం ముందు కూర్చుని బావురుమన్నాను. పక్కవాడు, "రెండ్రోజులు ఇలాగే ఉంటాదన్నా, తర్వాత అలవాటైపోద్ది" అన్నాడు. వాడికి పదమూడేళ్లు. అక్కడికి రావడం మూడోసారట. ఆ మాట గుర్తొస్తే ఇప్పటికీ నాకు అన్నం దిగదు.

కొన్నాళ్లకు నా కేసు కొట్టేశారు. మాస్టారు మాత్రం హాజరు పిలిచే పద్ధతే మార్చేశారు. పేరు పిలిస్తే ప్రెజెంట్ సార్ అనకూడదు, పుట్టినతేదీ చెప్పాలి. ఇన్‌స్పెక్షన్‌కు వచ్చినాయన ఇదేం చోద్యమండీ అంటే, "ఆయ్, అంకెలు నేర్చుకుంటున్నారండి" అన్నారట. రిటైరయ్యేదాకా అదే వరస. "ముందు విను, తర్వాత ఆలోచించు, ఆ తర్వాతేరా ఆయ్" అని ప్రతి బ్యాచికీ చెప్పేవారు. నేనీవేళ నలుగురిలో తలెత్తుకు తిరుగుతున్నానంటే ఆ తువ్వాలు మూట పుణ్యమే. ఈ మాట ఆయనతో ఒక్కసారీ అనలేదు.

దినవారాలన్నీ అయ్యాక, మరణ ధ్రువీకరణ పత్రం కోసం మాస్టారి భార్య నన్ను పంచాయతీ ఆఫీసుకు పంపారు. గుమాస్తా మర్యాదస్తుడు, కుర్చీ చూపించాడు. "మా తమ్ముడిక్కూడా లెక్కలు చెప్పేరండి, మంచాయన" అంటూ ఫారం తీశాడు. "డెబ్బై ఉంటాయాండీ?"

"ఆయ్" అన్నాను.

కలం కదిలింది. ఊళ్లో పిల్లలందరి చేతా పుట్టినతేదీలు వల్లె వేయించిన మనిషి పుట్టినతేదీ నాకు తెలియదు. ఇన్నేళ్లలో అడగనే లేదు.

"ఆగండి, రాయకండి" అంటూ ఫారం మీద చెయ్యి పెట్టేశాను. "పింఛను కాగితాలు చూసి వస్తానండి."

ఆయన కలం పైకెత్తి నన్ను వింతగా చూశాడు. నా వేళ్ల సందులో ఏడు అంకె కనిపిస్తోంది. దాని పక్కన ఇంకా ఏమీ రాయలేదు.