చంకలో రెండు గాజుగొట్టాలు

తాతగారి జమీందారీ ఎస్టేటు పోయినా మా ఇంట్లో ఎవరికీ వెన్ను వంగని ఆ రోజుల్లో, అంటే డెబ్బైల చివర్లో, నేను అరకులో ఒక పరిశోధన బృందంలో సహాయకుడిగా చేరాను. సహాయకుడంటే సీసాలు కడిగేవాడని చేరాకగానీ తెలియలేదు. (ఇంట్లో మాత్రం సైంటిస్టుననే చెప్పుకున్నాను.) మా ప్రొఫెసరుగారు విదేశాల్లో ఏం నేర్చుకొచ్చారో ఎవరికీ తెలియదు గానీ, ప్రతి మాటనూ "అక్కడైతేనా" అని మొదలుపెట్టడం మాత్రం బాగా నేర్చుకొచ్చారు. మలేరియా పదేపదే వచ్చినా తట్టుకున్న కొండవాళ్ళ రక్తంలోంచి తెల్లకణాలను వేరుచేసి, గులాబీరంగు పోషకద్రవంలో వేసి, ఒంటి వేడిలో కొన్నాళ్ళు ఉంచడం మా పని. ఆ కణాలు ఒంట్లోంచి బయటపడిన సంగతే గ్రహించక, ఇంకా లోపలే ఉన్నామనుకుని యాంటీబాడీలు తయారుచేస్తూ ఉంటాయి. (ఈ తత్వం నాకు చప్పున బోధపడింది, మా బంధువుల్లో చాలామంది అలాంటివారే.)

ఆ చలికాలంలో మాకు మిగిలినవి రెండే గొట్టాలు. రెండూ ఒకే ముసలమ్మవి. ఒకదానిలో మలేరియా క్రిమి ముక్కలు కలిపాం, రెండోదానిలో కలపలేదు. రెండూ పోల్చి చూస్తేనే ఫలితం, ఏ ఒక్కటి పోయినా రెండోది దండగే. మళ్ళీ రక్తం అడుగుదామంటే, "ఒక్కపాలే ఇత్తన్నాను బాబూ. ఇంకోపాలి సూది అట్టుకొచ్చినావంటే కుక్కనొగ్గుతాను" అని ఆమె ముందే చెప్పింది. మూడోనాడు పొద్దున్నే కరెంటు పోయింది, కణాలను వెచ్చగా ఉంచే పెట్టె చల్లబడసాగింది. వాటిని రైల్లో వైజాగు చేర్చడం తప్ప మార్గం లేదు. ఉన్న ఒక్క ఫ్లాస్కులో ప్రొఫెసరుగారి టీ ఉంది. దాన్ని పారబోయవచ్చని అంత చదువుకున్న బృందంలో ఎవరికీ తోచలేదు.

"చంకలో పెట్టుకోవయ్యా. అక్కడైతేనా, మేమంతా అలాగే చేసేవాళ్ళం" అన్నారాయన. ఆయన చంకలు మాత్రం ఆ రోజు ఖాళీగానే ఉన్నాయి.

అలా చొక్కా లోపల చంకకొక గొట్టం చొప్పున ఇరికించి, మోచేతులు బిగించి, పాసింజరు బండిలో నిటారుగా కూర్చున్నాను. ఎదురుగా అల్లం బస్తా మీద కూర్చున్న ఆవిడ కాసేపు నన్ను పరీక్షగా చూసి, "ఏటి బాబూ, సంకలో సెగ్గెడ్డ లేసిందేటి?" అంది. జవాబివ్వడం నా స్థాయికి తగదని మోచేతులు రెండూ ఇంకా బిగించాను. "పాపం, రెండు పక్కలా లేసినట్టుంది" అని అందరికీ చెప్పింది. టిక్కెట్లు చూసే ఆయన వస్తే నా జేబులో చెయ్యిపెట్టి టిక్కెట్టు తీసిచ్చింది కూడా ఆవిడే: "సెయ్యెత్తలేడండి, గెడ్డలు."

బొర్రాలో తలపాగా చుట్టుకున్న ఒక ముసలాయన ఎక్కాడు. నా వైపు చూసి, ఆగి, నడుం వంచి రెండు చేతులూ జోడించాడు. నా గుండె ఉప్పొంగింది. మా తాతగారి రైతు ఎవడో నా ముక్కు చూసి గుర్తుపట్టాడనుకున్నాను. మా వంశంలో దణ్ణానికి బదులివ్వకుండా ఉన్నవాడు లేడు. కుడిచెయ్యి దానంతటదే దీవిస్తూ పైకి లేచింది. గొట్టం చొక్కాలోంచి జారి, బల్లకు తగిలి, భళ్ళున పగిలింది.

ముసలాయన బెదిరిపోయాడు. "తమరికి కాదు బాబూ" అని నా వెనక కునుకుతున్న మనిషిని చూపించాడు. "ఆ దోమలమందు ఇనస్పెట్రుగోరికి."

రైలు కుదిపిందని ప్రొఫెసరుగారికి చెప్పాను. నమ్మారు. తరువాతి వారం మళ్ళీ సూది పట్టుకుని ముసలమ్మ గుమ్మంలో నిలబడి అదే మాట చెప్పాను. ఆమె నమ్మలేదు.

"రైలు కుదిపితే రెండూ పడాల గదా? ఒకటే ఎలగ పడ్డాది?"

విదేశాల్లో చదివినవారికి తట్టని ప్రశ్న అది. ఇక దారిలేక, ఎవరికీ చెప్పని నిజం ఆమెకు చెప్పేశాను. ఆమె గుడిసె గుంజ పట్టుకుని, కళ్ళనీళ్ళు వచ్చేదాకా నవ్వింది. "ఓలమ్మో! ఆ దణ్ణం నీకేననుకున్నావా?" అని మళ్ళీ నవ్వింది. చివరికి పైట చెంగుతో కళ్ళు తుడుచుకుని, చెయ్యి చాపింది. "రా, బేగి తియ్యి. ఇంతలాగ నన్నెవులూ నవ్వించనేదు."

ఈసారి కణాలు బతికాయి, ఫలితం వచ్చింది, ప్రొఫెసరుగారి వ్యాసమూ అచ్చయింది. అందులో నా పేరు లేదు, ముసలమ్మ ఊసే లేదు. అదంతా జరిగి చాలా ఏళ్ళయింది. తల నెరిశాక అప్పుడప్పుడూ ఎవరో ఒకరు దారిలో నాకు నమస్కారం పెడుతూనే ఉంటారు. నేను ముందు ఒకసారి వెనక్కి తిరిగి చూసుకుంటాను.