గొంతుగుంట మీద నూలుపోగు

మొన్న మా చెల్లెలి భర్తను తిరుపతిలో ఊపిరి మిషను మీద పెట్టినప్పుడు, ఒక కుర్ర డాక్టరు మీట నొక్కి మిషను గాలిని ఒక్క క్షణం ఆపి, ఆయన తనంతట తాను ఎంత బలంగా గాలి లాక్కుంటున్నాడో తెరమీది గీతలో చూసి, పాపం అలిసిపోతున్నాడంటూ గాలి పెంచాడు. ముక్కులో గొట్టం దూర్చలేదు, రక్తం కళ్లజూడలేదు. ఇంటిల్లిపాదీ సంతోషించారు గానీ నాకు మాత్రం కడుపు మండిపోయింది.

ఎనభైలలో నేను ఆ ఊళ్లోనే ఇంకో ఆసుపత్రిలో నర్సుని. ఊపిరి శ్రమ తెలియాలంటే ముక్కులోంచి అన్నవాహికలోకి చివర బెలూను ఉన్న గొట్టం దించాల్సిందేనని మా పెద్దడాక్టరు పట్టు. రోగి గిలగిల్లాడినా, ముక్కు చిట్లినా ఆయనకు లెక్క లేదు. పై దేశం నుంచి తెచ్చుకున్న ఆ గొట్టం ఆయనకు కన్నబిడ్డకన్నా ముద్దు. ఆ మనిషిని నేను అప్పుడూ సహించలేదు, ఇప్పుడూ క్షమించలేదు.

అలాంటి రోజుల్లో కట్లపాము కరిచిన నేతపనివాణ్ణి ఒకణ్ణి నగరి నుంచి తెచ్చారు. విషానికి ఒళ్లంతా చచ్చుబడి, మిషనే అతని ఊపిరైంది. వారానికి సొంత ఊపిరి కాస్త తిరిగి రావడంతో పెద్దడాక్టరు అతని ముక్కులోంచీ తన గొట్టం వేసి, మిషను గాలి తగ్గించాడు. పక్కనే కనిపెట్టుకుని ఉన్న భార్య, మగ్గం మీద పోగు బిగువును కంటిచూపుతోనే చెప్పగలిగిన మనిషి, గంజి పెట్టిన నూలుపోగు ఒకటి మెడ మొదట్లో ఎముకల మధ్యనుండే అతని గొంతుగుంట మీద అడ్డంగా అంటించింది. అతను గాలికోసం అవస్థ పడినప్పుడల్లా గుంట లోపలికి పోయేది, దాంతోపాటే పోగూ దిగేది. ఒక ఉదయం అది మరీ లోతుగా దిగసాగింది.

"పోగు సూడక్కా, ఎట్ల లోపలికి పోతా ఉండాదో! మిసను గాలి సాల్లేదు" అంటూ ఆమె నా చెయ్యి పట్టుకుంది. చూశాను. నాకూ అర్థమైంది.

పెద్దడాక్టరు వచ్చి తన గొట్టం చూపే అంకె చూసుకుని అంతా బాగుందన్నాడు. ఆ గొట్టం కిందికి దిగక నోట్లోనే చుట్ట చుట్టుకుందని తర్వాత తెలిసింది. అప్పుడే పోగు ఆయన కంటబడింది. కాణిపాకం నుంచి తెచ్చి కట్టే దారాలూ తాయెత్తులూ తీసెయ్యడం మా వార్డులో రివాజు. ఇదీ అలాంటిదే అనుకుని, పీకి పారెయ్యమని నన్ను గదిమాడు. కాదని చెప్పబోయాను. కళ్లెర్రజేశాడు. ఉద్యోగం గుర్తొచ్చి, పోగు పీకి చెత్తబుట్టలో వేశాను.

సాయంత్రానికి అతను అలిసి అలిసి ప్రాణం విడిచాడు. పెద్దడాక్టరు విషం మీదికి నెట్టి చేతులు కడుక్కున్నాడు. ఆమె ఆయన వైపు కన్నెత్తి చూడలేదు.

"నువ్వు సూసినావు గదక్కా" అంది నాతో.

ఇప్పుడు ఎవరి ముక్కులోనూ ఏదీ దూర్చకుండానే ఆ శ్రమంతా తెరమీద గీతై కనబడుతోంది, అదేదో కొత్త వింతన్నట్టు అందరూ మెచ్చుకుంటున్నారు. ఆ రోజూ కనబడింది, ఒక నూలుపోగు మీద. దాన్ని పీకిన చెయ్యి నాది.