ఎదురు తిరిగిన చక్రం

మా ఇంట్లో జనరేటర్ టెక్నీషియన్ ట్రైనింగ్‌లో మొదట చేరినవాణ్ణి నేనే. వదిన ఈ సంగతి ఎవరి ముందూ ఒప్పుకోదు. మూడు వారాలు వెళ్ళాను. మిగతావాళ్ళు ఆరు నెలల్లో నేర్చుకునేదంతా ఆ మూడు వారాల్లోనే నేర్చేసుకున్నాను. ఇంకా అక్కడే కూర్చుంటే మాస్టారికి చిన్నతనంగా ఉంటుందని మానేశాను. నేను వదిలేసిన నీలం యూనిఫాం చొక్కాని తర్వాత వదిన తన కొలతకి కుట్టుకుని వేసుకుంది. భుజాల దగ్గర చాలా గుడ్డ తీసెయ్యాల్సొచ్చిందని నేనంటాను. పొట్ట దగ్గర అంటుంది తను.

వదిన పద్దెనిమిదేళ్ళు బట్టల ఫ్యాక్టరీలో చొక్కా కాలర్లు కుట్టింది. వరసగా నలభై మిషన్లు నడుస్తుంటే ఏ మిషన్ సూది వంగిందో తలెత్తకుండా చెప్పేది. నలభై అన్నానా, నాలుగు వందలు వేసుకోండి, రాసేది నేనేగా. ఒక సోమవారం ఆ ఫ్యాక్టరీ మూతపడింది. మంగళవారం పొద్దున్నే వదిన ట్రైనింగ్ సెంటర్ కిటికీ ముందు నిలబడింది.

గుమస్తా ఆమె పుట్టిన తేదీ చూసి కళ్ళజోడు తీశాడు. "ముప్పై ఎనిమిది దాటితే చేర్చుకోమమ్మా. నీకింకా రెండు నెలల గడువే ఉంది. ఈ బ్యాచ్‌లో తప్పితే మళ్ళీ కూర్చోవడానికి వీల్లేదు."

"అయితే పాసవుతాను" అంది వదిన, ఫారంలో పేరు కూడా రాయకముందే.

అన్నయ్య గొణిగాడు. "నువ్వెళ్ళి ఇంజన్లు విప్పుతూ కూర్చుంటే వంట ఎవరు చేస్తారే?"

"ఆకలేసినవాళ్ళు."

అన్నయ్యకి ఆకలెక్కువ. నెల తిరిగేసరికి వంట వచ్చేసింది.

క్లాసులో ఇరవై రెండు మంది కుర్రాళ్ళు, ఒక వదిన. మొదటి రోజే వెనక బల్ల నుంచి ఎవడో "కుట్టుమిషన్ వచ్చిందిరోయ్!" అన్నాడు. వదిన వెనక్కి తిరిగి, "వచ్చింది బాబూ. నోళ్ళు కూడా కుడుతుంది, నీ సైజు చెప్పు" అంది. వాడు ఆ ఆరు నెలలూ ఆమె పక్కనే కూర్చుని ఆమె నోట్సు చూసే రాసుకున్నాడు.

ఇంటికొచ్చి పాఠాలన్నీ గట్టిగా అప్పజెప్పేది. వినాల్సింది నేను. "డీజిల్ పైపులో గాలి చేరితే ఇంజన్ అందుకోదు. మర వదులు చేసి, బుడగలు ఆగేదాకా చేతిపంపు కొట్టాలి. గ్యాస్‌తో నడిచే ఇంజన్ అయితే పైపుల అతుకుల మీద సబ్బు నీళ్ళు పూసి చూడాలి, ఎక్కడైనా బుడగ లేచిందంటే లీకు. అర్థమైందా మరిదీ? అక్కడ బుడగ పోయేదాకా నిలబడాలి, ఇక్కడ బుడగ కనబడగానే గ్యాస్ కట్టెయ్యాలి."

"నాకెప్పుడో తెలుసు వదినా."

"తెలిసే మూడు వారాలకి పారిపోయావు, పాపం."

ఆఖరి నెల ఏదైనా పనిచోట ప్రాక్టికల్ చెయ్యాలి. వదినని నేను పనిచేసే ఐసు ఫ్యాక్టరీకే వేశారు. అక్కడ నేను ఐసు దిమ్మలు మోస్తాను. రెండేసి దిమ్మలు ఒకే భుజం మీద. నమ్మనివాళ్ళు రావచ్చు, కాకపోతే ఆదివారం రండి, ఆ రోజు సెలవు. అక్కడి జనరేటర్ మేస్త్రిని అందరం చెవి మేస్త్రి అంటాం. స్క్రూడ్రైవర్ మొనని ఇంజన్‌కి ఆనించి, పిడిని చెవికి పెట్టుకుని, జబ్బేమిటో చెప్పేస్తాడు. ముప్పై ఏళ్ళుగా మీటరన్నది ముట్టుకోలేదు. "నా చెవే నా మీటర్" అంటాడు. అనడమే కాదు, నిజంగా గొప్పోడే. వదినకీ చెవి ఉంది కాబట్టి ఇద్దరికీ బాగానే కుదిరింది. లాగ్‌బుక్కులో ఇరవై తొమ్మిది పేజీలకి మారుమాట్లాడకుండా సంతకాలు పెట్టాడు. మిగిలింది ముప్పయ్యో పేజీ. అందులో సంతకంతో పాటు, ఈ మనిషి పని ఎలాంటిదో మేస్త్రి తన చేత్తో రాయాలి. అది లేకపోతే మిగతా ఇరవై తొమ్మిదీ చెల్లవు.

ఆ ఆఖరి రోజు పొద్దున పదింటికి కరెంటు పోయింది. జనరేటర్‌లో కరెంటు పుట్టించే భాగాన్ని వైండింగ్ చేయించి ముందు రోజే తెచ్చారు. దాని మూడు వైర్లనీ మేస్త్రే కలిపాడు. ఇంజన్ ఒక్క దెబ్బకి అందుకుంది. దీపాలు వెలిగాయి. మేమంతా చప్పట్లు కొట్టాం. ఇక ఐసు గడ్డకట్టించే పెద్ద కంప్రెసర్ స్విచ్ వెయ్యడమే తరువాయి.

ఆ స్విచ్ పిడికి వదిన తాళంకప్ప వేసేసింది. పరీక్ష చేసే మనిషి తన తాళం తనే వెయ్యాలి, తనే తియ్యాలి. సెంటర్‌లో అది మొదటి రోజు పాఠం. మొదటి రోజు నేనూ ఉన్నాను, అందుకే అంత కచ్చితంగా చెప్తున్నాను. తర్వాత వదిన సంచిలోంచి అరచేతిలో పట్టే మీటర్ తీసి ఎరుపు, పసుపు, నీలం క్లిప్పులు మూడు వైర్లకీ తగిలించింది. దాని మీద చిన్న చక్రం, పక్కన బాణం గుర్తు. చక్రం బాణం వైపు తిరిగితే వైర్ల వరస సరిగ్గా ఉన్నట్టు.

"మేస్త్రిగారూ, చక్రం ఎదురు తిరుగుతోంది. రెండు వైర్లు తారుమారయ్యాయి."

"దీపాలు వెలుగుతున్నాయా లేదా?"

"వెలుగుతున్నాయి."

"మరింకేం?"

"దీపానికి ముందూ వెనకా ఏముందండీ? మోటారుకి ఉంది. కంప్రెసర్ వెనక్కి తిరిగితే లోపల నూనె ఎక్కదు. ఒక్క నిమిషంలో పట్టేస్తుంది."

మేస్త్రి స్క్రూడ్రైవర్ ఇంజన్‌కి ఆనించి విన్నాడు. "పాట పాడుతోంది. తాళం తియ్."

"ఇంజన్ బాగానే ఉందండీ. వైర్ల వరసకి చప్పుడుండదు, చెవికెలా తెలుస్తుంది?"

"ముప్పై ఏళ్ళ నుంచి వైర్లు కలుపుతున్నాను నేను!"

"ముప్పై ఏళ్ళూ సరిగ్గానే కలిపారు. నిన్నటి రెండే తప్పు."

ఇంతలో యజమాని వచ్చాడు, ఇస్త్రీ మడత నలగని తెల్ల చొక్కాలో. లోపల నాలుగు వందల దిమ్మలు మెత్తబడుతున్నాయి మరి. "ఏమిటాలస్యం?"

"ఈ అమ్మాయి ఎదురు తిరుగుతోంది సార్" అన్నాడు మేస్త్రి.

"నేను కాదు సార్. చక్రం."

మేస్త్రి బల్ల మీదున్న లాగ్‌బుక్కు అందుకుని ముప్పయ్యో పేజీ తెరిచి ఆమె ముందు ఆడించాడు. "తాళం తీస్తే సంతకం. తియ్యకపోతే ఇంటికెళ్ళి కాలర్లు కుట్టుకో. మళ్ళీ ఏ బ్యాచ్‌లోనూ నిన్ను కూర్చోనివ్వరని నాకూ తెలుసు."

వదిన ఆ పేజీ వైపు చూసింది. ముఖం పాలిపోవడం నేను చూశాను. ఆ ఒక్కదాంట్లో మాత్రం కల్పన లేదు. తర్వాత తాళంచెవి చొక్కా జేబులో వేసుకుని బొత్తాం పెట్టుకుంది.

"సంతకం మీది. తాళం నాది."

మేస్త్రి నా వైపు తిరిగాడు. "ఒరేయ్, ఇనప రంపం పట్రా. కోసిపారేద్దాం." అప్పుడు నేను ఆ రంపాన్ని మోకాలి మీద రెండు ముక్కలుగా విరిచానని ఊళ్ళో చాలామందికి చెప్పాను. మీకు నిజం చెప్తున్నాను, దాని మీద కూర్చున్నాను. రంపం ఎక్కడుందో తెలీదని కూడా చెప్పాను. పళ్ళున్నవైపు మీద కూర్చుని అంత సేపు నవ్వు ముఖం పెట్టాలంటే ఎంత గుండె కావాలో ఆలోచించండి.

"సార్, కంప్రెసర్ జోలికి వద్దు" అంది వదిన యజమానితో. "ఆ గోడ ఫ్యానూ మూడు వైర్లదే, స్విచ్ వేరే ఉంది. అది వేసి చూడండి. రోజూలాగా గాలి బయటికి పోతే తప్పు నాది. తాళం నేనే తీసి, ఆ పుస్తకం నేనే చింపి వెళ్ళిపోతాను. గాలి లోపలికొస్తే ఇంజన్ ఆపి వైర్లు మార్చనివ్వండి."

యజమాని సరేనన్నాడు. ఫ్యాను చప్పుడు వినడానికి మేస్త్రి సరిగ్గా దాని కింద నిలబడ్డాడు. ఆ గోడకి అవతల ఐసు మీద కప్పే రంపపు పొట్టు కుప్పగా పోసి ఉంటుంది.

స్విచ్ వేశారు.

ఆ కుప్ప మొత్తం లోపలికొచ్చిందని నేనంటే వదిన కసురుతుంది, రెండు గంపల పొట్టేనట. రెండు గంపలైనా సరే, మేస్త్రికి కనుబొమ్మలెక్కడున్నాయో వెతుక్కోవాల్సొచ్చింది. యజమాని తెల్ల చొక్కా సంగతి నేను రాయను, జీతం ఇంకా ఆయన దగ్గరే.

వదిన నవ్వలేదు. ఇంజన్ ఆపింది. వైర్లలో కరెంటు లేదని ఒకటికి రెండుసార్లు చూసుకుని, రెండు వైర్లు విప్పి ఒకదాని చోట ఇంకొకటి బిగించింది. మళ్ళీ ఇంజన్ వేసి మీటర్ తగిలించింది. చక్రం బాణం వెంట బుద్ధిగా తిరిగింది. అప్పుడు జేబు బొత్తాం విప్పి, తాళం తీసి, పక్కకి జరిగి, "ఇప్పుడు వెయ్యండి మేస్త్రిగారూ" అంది.

కంప్రెసర్ అందుకుంది. మేస్త్రి స్క్రూడ్రైవర్‌తో చాలా సేపు విన్నాడు. తర్వాత పొట్టు దులుపుకోకుండానే కూర్చుని, ముప్పయ్యో పేజీ మీద కాగితం చిరిగేలా నొక్కి రాశాడు: "పని వచ్చు. మాట వినదు. ఎదురు తిరుగుతుంది." కింద సంతకం.

మర్నాడు సెంటర్‌లో మాస్టారు అది చదివి తల పట్టుకున్నారు. "సంతకం ఉంది కాబట్టి పాసే. కానీ పని అడగడానికి వెళ్తే అందరూ ముందు చూసేది ఈ పేజీనే కదమ్మా. ఆయన చేత ఇంకోలా రాయించుకు రా. రెండు రోజులాగుతాను."

వదిన కదల్లేదు. నేనే వెళ్ళాను. మేస్త్రిని కాలర్ పట్టుకుని అడిగానని చెప్పాలనుంది గానీ, అసలు నేను నోరు తెరవకముందే ఆయన సొరుగులోంచి కొత్త కాగితం తీశాడు. అప్పటికే రాసి పెట్టుకున్నాడు. "ఇస్తే తీసుకుంటుందంటావా?" అని నన్నడిగాడు, ముప్పై ఏళ్ళ అనుభవమున్న మేస్త్రి.

ఆ కాగితం వదిన నిలబడే చదివింది. "అణకువగా, చెప్పినట్టు పనిచేస్తుంది."

"ఇదెవరి గురించి?" అంది.

"వదినా, మొండితనానికి హద్దుండాలి. పని ఎవరిస్తారు?"

"పాతది చదివి కూడా ఇచ్చేవాళ్ళు. చదివి జడుసుకునేవాళ్ళ మిషన్లు నాకక్కర్లేదు, వాళ్ళే నడుపుకోనీ." ఆ కాగితాన్ని మడిచి నా జేబులో పెట్టింది. "ఇది నువ్వుంచుకో. నీకు పనికొస్తుంది."

మాస్టారి బల్ల మీద పాత పేజీ తెరిచి పెట్టింది. ఆయన నిట్టూర్చి ముద్రని సిరాలో అద్దారు. అది సరిగ్గా "ఎదురు" అన్న మాట మీద పడబోతుంటే, వదిన వేలితో పుస్తకాన్ని కాస్త పక్కకి జరిపింది.