బీపీ బిళ్ళల షీటు

పెడనలో కలంకారీ అద్దకం పని చేసే కాంతారావు అన్నయ్య మా పక్కింటివాడు. ఒట్టి పిరికి మనిషి. చెక్క అచ్చును గుడ్డ మీద వెంట్రుకవాసి తేడా రాకుండా కొట్టే ఆ చెయ్యి, సూది చూస్తే మాత్రం వీపు వెనక దాక్కునేది.

మొగుడూపెళ్ళాలిద్దరికీ బీపీయే. డాక్టరు ఇద్దరికీ ఒకే బిళ్ళ రాశాడు. రాజకుమారి వదిన పొద్దున్నే షీటులోంచి రెండు తీసి, ఒకటి తను వేసుకుని, రెండోది ఆయన మింగేదాకా ఎదురుగా నిలబడేది.

రెండువేల ఇరవై ఆగస్టులో అన్నయ్యకి కరోనా వచ్చింది. అంబులెన్స్ ఎక్కేముందు వదిన బిళ్ళల షీటు ఆయన సంచిలో పెట్టింది.

"మరి నీకో?"

"నాకింకోటుంది లెండి. మర్చిపోకుండా వేసుకోండి."

ఆయన వెళ్ళగానే వాకిలికి అడ్డంగా వెదురుకర్రలు కట్టేశారు.

బీపీ ఉన్నవాళ్ళు ఆసుపత్రి నుంచి తిరిగి రావట్లేదని దారిలో ఎవరో అన్నారట. అంతే, బందరులో డాక్టరు అడిగితే బీపీ లేదనేశాడు. షీటు సంచి అడుక్కి తోసేశాడు. దాస్తే దాగే జబ్బా అది? చేతికి పట్టీ చుట్టి చూసిన నర్సు, "బీపీ బాగా ఉందండీ మీకు. రోజూ బిళ్ళ మేమే ఇస్తాం" అంది. ఇచ్చారు కూడా. సంచిలో షీటుతో ఆయనకి పనే పడలేదు.

వదిన పొద్దున్నే ఫోన్ చేసేది.

"బిళ్ళ వేసుకున్నారా?"

"వేసుకున్నా. నువ్వో?"

"ఆఁ, వేసుకున్నా."

పచ్చి అబద్ధం. ఇంట్లో ఒక్క బిళ్ళ లేదు. కర్రలకివతల నేనున్నాను కదా, ఒక్క కేక వేస్తే తెప్పించనా? అందరూ తమ ఇంటిని చూసి తప్పుకుంటున్నారని మొహమాటపడి ఉంటుంది. తలుచుకుంటే ఇప్పటికీ ఒళ్ళు మండుతుంది నాకు. ఏడుపూ వస్తుంది.

వారం తిరిగేసరికి వదిన వంటింట్లో పడిపోయింది. తలలో నరం చిట్లిందన్నారు. కరోనా టెస్టు చేస్తే లేదని వచ్చింది. మర్నాడే పోయింది. బీపీ, కరోనా రెండూ ఉన్న మనిషి వార్డులో ఒంటరిగా కూర్చుని ఆ కబురు ఫోన్లో విన్నాడు.

ఇంటికొచ్చాక మందుల డబ్బా నేల మీద బోర్లించాడు. అన్నీ ఖాళీ షీట్లే. తన సంచిలోది తీసి చూశాడు. ఆవిడ పెట్టింది పెట్టినట్టే ఉంది.

ఇప్పుడా ఇంట్లో ఆయనొక్కడే. రోజూ పొద్దున్నే గోడ అవతల నుంచి ఆయన గొంతు వినిపిస్తుంది.

"వేసుకున్నా. నువ్వో?"

తరవాత అచ్చు కొట్టడం మొదలుపెడతాడు.