విమాన భయానికి మాత్ర అడగబోతే: గిద్దలూరు, మార్కాపురం మీదుగా గువాహటి

మా చెల్లి గువాహటిలో నర్సు. అక్కడే తనతో పనిచేసే అబ్బాయిని పెళ్లి చేసుకుంటానంది. అమ్మ లేదు, నాయన మోకాళ్ల నొప్పులతో గడప దాటడు. కాబట్టి చర్చిలో చెయ్యి పట్టుకుని తనను నడిపించాల్సింది నేనే. రైలులో వెళ్లి రావాలంటే దారికే వారం కావాలి. పరీక్షల ముందు మా కొమరోలు బడిలో అన్ని సెలవులు ఎవరిస్తారు? మిగిలింది విమానం. నాకేమో విమానమంటే ప్రాణం పోయేంత భయం. రెండేళ్ల కిందట ఒకసారి ఎక్కి, తలుపు వేసేలోపే సంచి తీసుకుని దిగిపోయాను. ఈసారి కూడా దిగితే చెల్లి పెళ్లిలో ఒంటరిగా నడవాలి. భయం తగ్గించే మందేదైనా ఇస్తారేమో డాక్టరును అడుగుదామనుకున్నాను. ఇంత చిన్న మాట అడగడానికి ఎంత తిరగాల్సి వచ్చిందో చెబితే, ఇలాంటి ప్రయాణం పెట్టుకున్నవాళ్లకు కాస్తయినా పనికొస్తుందని రాస్తున్నాను.

మొదట గిద్దలూరు వెళ్లాను. కొమరోలు నుంచి బస్సులో అరగంట ప్రయాణం, దగ్గరే కదా అని. "గుండె దడ, చెమటలు" అన్నంతవరకే అక్కడి డాక్టరుగారు విన్నారు. "విమానంలో" అనే మాట నోట్లోంచి వచ్చేలోపే నర్సు నన్ను మంచం మీద పడుకోబెట్టి చేతికి సెలైన్ గుచ్చింది. మా వైపు సీసా ఎక్కనిదే వైద్యం జరిగినట్టు కాదు.

"నాకు నీరసం కాదమ్మా, భయం," అన్నాను.

"భయపడినా నీరసం వస్తాది గదక్కా. ఈ సీసా ఎక్కితే లేసి కూర్చుంటావు," అంది.

సీసా ఖాళీ అయ్యేసరికి మధ్యాహ్నమైంది. బయట మందుల దుకాణంలో విమానప్రయాణం అనగానే వాంతుల మాత్రలు చేతిలో పెట్టారు. నాకు వాంతులు కావు మహాప్రభో అంటే, ఎందుకైనా మంచిది ఉంచుకోమన్నారు. ఒళ్లు మండిపోయింది.

తోటి టీచరు చెప్పిందని ఆ తర్వాతి మంగళవారం మార్కాపురం బయలుదేరాను. పొద్దున ఏడింటి బస్సెక్కితే కంభం మీదుగా దాదాపు రెండు గంటలు. అక్కడ ఓపీ చీటీ రెండు వందలు. తొందరగా వెళ్లినా పదకొండు దాకా కూర్చోబెట్టారు. తీరా లోపలికి పిలిస్తే, డాక్టరు గదిలోనే గోడవారగా ఒక బల్ల, దాని మీద నా తర్వాత చూపించుకోవాల్సిన వాళ్లు వరుసగా కూర్చుని ఉన్నారు. గది తలుపు బార్లా తెరిచే ఉంది. మా ఊళ్లలో ఇది మామూలే. ఒకరి రోగం ఇంకొకరు వింటే తప్పని ఎవరూ అనుకోరు. నేను వీలైనంత గొంతు తగ్గించి, విమానం ఎక్కడానికి భయమండీ, ఏదైనా మందు కావాలి, అన్నాను.

బల్ల మీది అవ్వ వెంటనే అందుకుంది. "విమానం ఎక్కేదానికి మాత్ర ఏంది పాపా?"

పక్కనున్న రైతు ఇంకాస్త ముందుకు జరిగాడు. "ఆ పైన గాలి ఆడదంట గదా డాక్టరుగారూ. ఈమెకు గాలికేమన్నా రాయండి."

డాక్టరు ఇద్దరినీ చేత్తో ఆపి, "భయం ఎప్పుడు మొదలవుతుందమ్మా? పైకి లేచినప్పుడా?" అని అడిగాడు. ఇన్నాళ్లకు ఒక మనిషి సరైన ప్రశ్న అడిగాడు.

"కాదండీ. తలుపు వేసినప్పుడు."

అవ్వ నా వైపు తిరిగి, "నన్ను ఒంగోలులో స్కానింగ్ గొట్టంలోకి తోసినప్పుడు నేనూ అట్లనే దూకి బయటపడినా పాపా. మళ్లా పోనేలేదు," అంది.

డాక్టరు బీపీ చూసి, వేరే మందులేమైనా వాడుతున్నానా అని అడిగి, మూడే మూడు మాత్రలు రాశాడు. ఒకటి ముందుగా ఇంటి దగ్గర వేసుకుని చూడటానికి, ఒకటి పోవడానికి, ఒకటి రావడానికి. బయలుదేరే గంట ముందు వేసుకోవాలి, ఒకే రోజు రెండు వద్దు. మాత్ర పేరు ఇక్కడ రాయను, ఎవరికి ఏది పడుతుందో డాక్టరే చెప్పాలి. నేను లేస్తుంటే అవ్వతో, "నీ ఇంజెక్షన్ కోర్సు వచ్చే మంగళవారం నుంచి," అంటున్నాడు. నా విమానమూ ఆ మంగళవారమే.

ఆదివారం పొద్దున మొదటి మాత్ర వేసుకుని, అలవాటుగా చర్చికి వెళ్లి ప్రసంగం మధ్యలో గురక పెట్టాను. పాస్టరమ్మ ఇప్పటికీ ముభావంగానే ఉంది.

సోమవారం పొద్దున్నే మార్కాపురంలో హైదరాబాదు బస్సెక్కాను. దోర్నాల, శ్రీశైలం అడవి మీదుగా వెళ్లేవాళ్లు పగటి బస్సే చూసుకోండి, ఆ ఘాట్ రోడ్డు రాత్రి మూసేస్తారు. రాత్రికి శంషాబాద్ దగ్గర లాడ్జిలో ఉండి, మర్నాడు పదకొండు గంటల విమానానికి సరిగ్గా పదింటికి మాత్ర వేసుకున్నాను. వేసుకున్న పది నిమిషాలకు, గువాహటిలో పొగమంచు వల్ల విమానం ఆలస్యమని చెప్పారు. మెత్తటి కుర్చీలో హాయిగా నిద్రపోయాను. లేచేసరికి ఒంటిగంటన్నర. మత్తు మొత్తం దిగిపోయింది, అప్పుడే ఎక్కమని పిలుస్తున్నారు! ఏడుపొచ్చింది. ఆ మాత్ర కోసం నేను తిరిగిన తిరుగుడంతా ఒక కుర్చీలో నిద్రకు సరిపోయింది.

వరుసలో నిలబడే మార్కాపురానికి ఫోన్ చేశాను. కాంపౌండర్ డాక్టరును అడిగి వచ్చి, "రెండోది వద్దంటే వద్దన్నాడక్కా," అన్నాడు. ఇంతలో అతని చేతిలోంచి ఎవరో ఫోన్ లాక్కున్నారు.

"ఎవురు, విమానం పాపేనా? ఎక్కినావా?"

"ఎక్కుతున్నా అవ్వా. మాత్ర పనిచేయడం లేదు."

"పోతే పోనీలే. తలుపేసేదాంక ఫోన్ పెట్టబాకు."

"అవ్వా, ఫోనియ్యి, పేషెంట్లు చేస్తా ఉంటారు," అని కాంపౌండర్ గోల. ఆమె ఇవ్వలేదు. సీట్లో కూర్చున్నాను. ఎదురుగా తలుపు మూసుకుంది.

"ఏసినారా?"

"వేశారు అవ్వా."

"దూకబాకు. ఈడ అందరం వింటా ఉండాం."

ఎయిర్‌హోస్టెస్ వచ్చి ఫోన్ ఆపమంది. భయం రవ్వంత కూడా తగ్గలేదు. కానీ ఇప్పుడు దిగిపోతే, మార్కాపురంలో బల్ల నిండా కూర్చున్నవాళ్లకు ఏం చెప్పాలి? బెల్టు గట్టిగా బిగించుకుని కళ్లు మూసుకున్నాను. విమానం దిగిన మర్నాడు చర్చిలో చెల్లి చెయ్యి నా చేతిలో ఉంది. నా చెయ్యి ఎందుకింత చల్లగా ఉందని అడిగింది. తిరుగు విమానం తలచుకుంటున్నానని చెప్పకుండా, చలి అన్నాను.

డాక్టరు గదికి తలుపు వేయరని ఆ రోజు ఎంత తిట్టుకున్నానో నాకే తెలుసు. ఆ గదిలో నా మాట నలుగురూ వినకపోయి ఉంటే, ఆ మంగళవారం నేను మళ్లీ దిగిపోయేదాన్నని ఇప్పుడు అనిపిస్తోంది. అయినా సెలైన్ సీసా మీద, ఆ వాంతుల మాత్రల మీద నా కోపం తగ్గలేదు. మీకు చెప్పేది ఒక్కటే. మాత్ర రాయించుకునేటప్పుడు, విమానం ఆలస్యమైతే ఏం చేయాలో కూడా డాక్టరును అడగండి. నేను తిరిగొచ్చాక పెళ్లి ఫోటో తీసుకుని అవ్వ ఇంజెక్షన్ రోజునే మార్కాపురం వెళ్లాను. ఫోటో చూసి, "మళ్లా స్కానింగుకు రాసినాడు పాపా. నీ నంబరు ఈడ రాసియ్యి," అంది.