వేడెక్కితే వెంటనే జవాబిచ్చే డిస్కు

మధ్యాహ్నం భోజనాలకు లేచేలోపు ఆమె నలభైసార్లు ప్లగ్గు పీకింది. ఆఫీసులో అందరూ ఆమెను కరెంటక్క అంటారు. ఉద్యోగం పేరు వేరే ఉంది గానీ, ఎప్పుడు వెళ్ళి చూసినా ప్లగ్గు పీకుతూనే కనిపిస్తుంది.

ఆస్పత్రుల్లో రోగులకు కొలిచి మందు ఎక్కించే యంత్రాలు తయారుచేసే కంపెనీ అది. యంత్రంలోని ఆపరేటింగ్ సిస్టమ్‌కు గుండెకాయ లాంటి భాగం కెర్నెల్. అందులో, ఎక్కించిన ప్రతి మందు వివరం దాచుకునే డిస్కుతో మాట్లాడే డ్రైవర్ అనే చిన్న ప్రోగ్రాం కరెంటక్క బాధ్యత. ఆ డ్రైవర్ ఇచ్చే ఆజ్ఞల్లో ముఖ్యమైనది ఒకటి: నీ చేతిలో ఉన్నదంతా లోపల రాసెయ్, రాశాక చెప్పు. డిస్కు రాశానంటుంది. నిజంగా రాసిందో లేదో తేల్చడానికి ఒకటే దారి. ఆ మాట అన్న మరుక్షణం కరెంటు తీసి, మళ్ళీ ఇచ్చి, వెతికి చూడాలి.

ఇంట్లోనూ అంతే. భర్త గ్యాస్ కట్టేశానంటే తలూపి, వెళ్ళి చూసి వస్తుంది.

"మీ అమ్మకి నేనూ ఒక డిస్కునే" అంటాడాయన కూతురితో.

"డిస్కుల్ని కాస్త నమ్ముతుంది నాన్నా."

ఆ పూట నలభైసార్లూ డిస్కు నిజమే చెప్పింది. కరెంటక్కకు అదే మింగుడు పడలేదు.

ముందురోజు ఒక ఆస్పత్రి నుంచి ఫోన్ వచ్చింది. నెలలు నిండకుండా పుట్టిన పిల్లల వార్డులో నర్సు ఆవిడ. రెప్పపాటు కరెంటు పోయింది, బ్యాటరీ పాతది కావడంతో యంత్రం ఆగిపోయింది. మళ్ళీ లేచాక, కాసేపటి క్రితమే పాపకు ఎక్కిన గుండె మందు అసలు ఎక్కలేదని చూపించింది. ఇప్పుడు ఎక్కించమంటారా అని అడిగింది. నర్సు అక్కడే ఉంది కాబట్టి వద్దంది. షిఫ్టు మారే వేళ అయ్యుంటే, కొత్తగా వచ్చినామె సరే అని నొక్కేది.

మేనేజరు ఇక కట్టిపెట్టేద్దామన్నాడు. "నలభైసార్లు చూశావు కదమ్మా. ఆవిడే మర్చిపోయి ఉంటుంది. అంతసేపు డ్యూటీ చేస్తే ఎవరికైనా బుర్ర తిరుగుతుంది."

"ఒక్కసారి ఆవిడతో మాట్లాడనివ్వండి సార్."

నర్సు ఫోన్ ఎత్తుతూనే అందుకుంది. "నేను మర్చిపోయానని చెప్పడానికేనా?"

"కాదమ్మా. యంత్రం ఎక్కడ పెట్టారో చెప్తారా?"

"ఎక్కడేంటి, పాప పక్కనే. వార్మర్‌ని ఆనుకున్న అరలో."

"వార్మర్ అంటే?"

"పిల్లలకి పైనుంచి వెచ్చదనం ఇచ్చేదండీ. ఆ చుట్టుపక్కలంతా సెగే. పది నిమిషాలు నిలబడి చూడండి, మీకే తెలుస్తుంది."

కరెంటక్క ఫోన్ పెట్టేసి తన గదిని ఒకసారి కలయజూసింది. ఏసీ ఎప్పుడూ ఆగదు. ఎండాకాలంలో కూడా ఆమె స్వెటరు వేసుకునే కూర్చుంటుంది. ఈ బల్ల మీద పాసైన ప్రతి డిస్కూ చల్లటి డిస్కే.

రెండు వీధుల అవతల భర్త సెలూన్ ఉంది. వెళ్ళి హెయిర్ డ్రయర్ తీసుకుంది.

"మళ్ళీ తెస్తావా?" అన్నాడాయన కత్తెర ఆపకుండా.

"తెస్తానన్నాను కదా."

"నేనొచ్చి చూసుకుంటాలే."

డ్రయర్ చూసి మేనేజరు నవ్వాడు. "ఏంటి, దానికి తలస్నానం చేయించావా?"

ఆమె డ్రయర్ ప్లగ్గు పెట్టింది. డిస్కు మీద వేడిగాలి వదిలి, చెయ్యి పెట్టలేనంత కాలాక ఆజ్ఞ పంపింది. చల్లగా ఉన్నప్పుడు డిస్కు ఒక్క క్షణం తీసుకుని జవాబిచ్చేది. ఇప్పుడు అడగడమే ఆలస్యం, రాశానంది. ఆమె ప్లగ్గు పీకింది. మళ్ళీ పెట్టి చూస్తే చివరి మందు వివరం లేదు. మరోసారి చేసింది. లేదు. మూడోసారి మేనేజరే పీకాడు. అప్పుడూ లేదు.

"రాస్తే ఇంకా వేడెక్కుతుంది కదా, అందుకని వాయిదా వేసుకుంటోంది" అంది కరెంటక్క. "మనకి మాత్రం రాశానని చెప్తోంది."

మేనేజరు కుర్చీ లాక్కుని కూర్చున్నాడు. "పిల్లల వార్డులన్నీ వేడిగానే ఉంటాయి."

"అవును సార్."

ఈ రకం డిస్కు ఎదురైతే దాని మాట నమ్మొద్దని, ప్రతి ముక్కా అప్పటికప్పుడే లోపల రాయించమని డ్రైవర్‌లో మార్పు చేసింది. మళ్ళీ డ్రయర్ పెట్టింది, ప్లగ్గు పీకింది. ఈసారి ఏదీ పోలేదు. యంత్రం మాత్రం బాగా మందగించింది.

"తిట్లు తింటాం" అన్నాడు మేనేజరు.

"తిందాం."

కొత్త డ్రైవర్‌ను నెట్‌వర్క్ మీద అన్ని యంత్రాలకూ పంపారు. కానీ యంత్రాన్ని రీస్టార్ట్ చేస్తే తప్ప అది పనిచేయదు. మెనూలోంచి చేస్తే డిస్కుకు కరెంటు ఆగదు. అలవాటు కొద్దీ ఎవరైనా గోడ మీది స్విచ్చి ఆపితే చివరి మందు ఎగిరిపోతుంది, యంత్రం మళ్ళీ ఎక్కించమంటారా అని అడుగుతుంది. అందుకే వార్డు వార్డుకూ ఫోన్ చేసి చెప్పాల్సి వచ్చింది. చివరి మందు ఎప్పుడిచ్చారో ముందు కాగితం మీద రాసుకోండి, స్విచ్చి ముట్టుకోకండి, లేచాక సరిచూడండి.

మొదటి ఫోన్ ఆ నర్సుకే.

"లేచిందండీ. రెండింటికిచ్చిన మందు ఉంది."

"కాగితం చూసి చెప్తున్నారా, తెర చూసి చెప్తున్నారా?"

"తెరేనండీ బాబూ!"

ఆ డిస్కు ఉన్న వార్డులు నూట పది. సాయంత్రానికి తొంభై ఆరు సరిచూసుకున్నామని చెప్పాయి. పద్నాలుగు వార్డుల్లో ఎవరూ ఫోన్ ఎత్తలేదు; స్విచ్చి ముట్టుకోవద్దని అక్కడ ఇంకా ఎవరికీ తెలియదు. వాటిలో తొమ్మిది పిల్లల వార్డులు.